ఒక అక్షరం ఎక్కువ

రాయపేటలో, గడియారస్తంభానికి రెండు సందుల వెనక
నాదముని అండ్ సన్స్ ప్రెస్సులో
తెలుగు ప్రూఫులు దిద్దుతాను నేను.
శుభలేఖలు, కర్మకాండ కార్డులు,
ఏటా ఏప్రిల్లో పోటీ పరీక్షల జనరల్ నాలెడ్జి.

ఈసారి నూట పన్నెండో పేజీ:
దేశాలనేలిన ఆడవాళ్ళు.
"ఏలిన" కొట్టేసి "నడిపిన" అని రాశాను ముందు,
ఓటు మీద వచ్చినవాళ్ళు ఏలరు కదా అని.
కింద వరసగా ఇరవై మూడు పేర్లు.
ప్రతి పేరుకీ ఒకటే తోక.
ఎన్నికైంది. ఎన్నికైంది. మళ్ళీ ఎన్నికైంది.
వంటైంది, పెళ్ళైంది, టైమైంది అన్నట్టు.
ఎదురు పేజీలో మగవాళ్ళు
ఎన్నికయ్యారు, చేపట్టారు, విరమించారు.

ఎర్ర పెన్ను మూత పంటికింద పెట్టుకుని
అలాగే చూస్తూ కూచున్నాను.
యాభై రెండేళ్ళుగా మాట్లాడుతున్న భాష
కుచ్చిళ్ళలో దాచుకున్నది
ఇవాళే జారి కిందపడ్డట్టు.
వాడు వచ్చాడు.
ఆమె వచ్చింది. బస్సు వచ్చింది. కుక్క వచ్చింది.
జ్వరానికీ, కరెంటు బిల్లుకీ, నాకూ
ఆ ఒక్క వచ్చిందే.

పక్క సిస్టం ముందు తామరైసెల్వి నవ్వింది.
"మాకు వేరే ఉందిగా అక్కా, వందాళ్ అని,
ఆడదానికి కొలతలు తీసి కుట్టిన ముగింపు."
కాసేపు టైపు చేసి, తల తిప్పకుండానే
"ఉండి ఏం లాభం,
మా ఆయన ఇప్పటికీ నా గురించి
అది ఎక్కడికి పోయిందనే అడుగుతాడు" అంది.
(నవ్వింది, అంది. చూశారా, నేనూ అంతే.)

ఇరవై మూడూ దిద్దాను.
నాదముని గారు కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసి
"ఏమ్మా వకుళా, ఎన్నికైందికి ఏం రోగం?
నాలుగక్షరాలు. ఎన్నికయ్యారు ఐదు.
ఐదైతే లైను విరుగుతుంది,
లైను విరిగితే పేజీ జారుతుంది,
పేజీ జారితే ఫారం పెరుగుతుంది. కాయితం ధర తెలుసా?
అయినా వాళ్ళేమైనా తెలుగు చదివి నొచ్చుకుంటారా?"

ఎదురు పేజీలో ఆ ఐదో అక్షరానికి
చోటు బాగానే దొరికిందని అనలేదు.
గౌరవం కోసం కాదు సార్, అన్నాను.
లెక్క కోసం.
మన వ్యాకరణంలో ఆడమనిషి ఒంటరిగా నడిస్తే
వెళ్ళింది, బండిలాగా.
దారిలో ఇంకొకతె కలిసిందనుకోండి,
వెళ్ళారు.
ఇద్దరైతే చాలు, భాష మనుషుల్లో కలిపేస్తుంది.
మరి గెలిచినావిడ ఒక్కతెలా అవుతుంది?
వెనక ఎంత వరస ఉందో చూడండి:
చంటిదాన్ని చంకనేసుకుని ఎండలో నిలబడ్డది,
మొగుడు చెప్పిన గుర్తుకి సరేనని తలూపి
లోపల ఇంకోదాని మీద నొక్కి వచ్చింది,
అంట్లు తోమినా పోని సిరాచుక్కని
రాత్రి దీపం దగ్గర మళ్ళీ చూసుకున్నది.
అందరూ కలిసి ఎన్నికయ్యారు సార్.

ఆయన ఫ్యాను వైపు చూశారు.
"రెండు పేర్లు తీసేస్తే సరిపోతుంది."
ఏ దేశాలవి?
"చిన్నవి."

పేర్లు తియ్యలేదు.
పేజీ అడుగున వాళ్ళ తమ్ముడి ట్యుటోరియల్ ప్రకటన ఉంది,
దాన్ని రెండు లైన్లు కుదించాను.

సాయంత్రం మా సందు మొగలో
"లారీ వచ్చింది!" అని ఎవరో అరిచారు.
బిందెలు, బకెట్లు, చెప్పుల్లేని పరుగు.
ఆ వచ్చిందిలో ఎన్ని గొంతులు తడుస్తాయో
నాకూ తెలుసు.
గేటెక్కి ఊగుతూ మా చిన్నది
"అమ్మమ్మ వచ్చింది" అని కేకేస్తే
దిద్దాలనిపించలేదు.

పుస్తకం కట్టలు విప్పాక చూశాను.
పందొమ్మిదో పేరు దగ్గర ఒకటి నా కన్నుగప్పింది.
ఎన్నికైంది.
చిన్న దేశమే, చుట్టూ సముద్రం.
ఐదువేల ప్రతుల్లోనూ ఆవిడ ఒక్కతే
వరస తప్పి నిలబడి ఉంది.
తప్పొప్పుల చీటీ అంటించడానికి
కాయితం ధర ఎంతో రేపు కనుక్కోవాలి.